తప్పు ఆమెది కాదు

24 ఏళ్ళ తర్వాత నోరు విప్పిన ఒక దర్జీ

(మా గ్రామీణ విలేఖరి)

తెనాలి, నవంబరు 30: కాలువ గట్టు దిగగానే ఒక రేకుల పంచ. పంచలో కుట్టు మిషను, గోడకు వేలాడే రెండు కత్తెరలు, మెడలో టేపుతో ఒక పెద్దమనిషి. ఆయనకిప్పుడు 62 ఏళ్ళు. ఆ ఊళ్ళో నలభై దాటిన మగవాళ్ళలో ఆయన కుట్టిన చొక్కా తొడగనివారు తక్కువ. ఆయన ఒంట్లో హెచ్.ఐ.వి. వున్నదన్న సంగతి ఊరందరికీ తెలుసు. అది ఆయనకు భార్య వల్ల వచ్చిందని కూడా ఊరందరూ తెలుసుననే అనుకుంటారు.

మొదటిది నిజం. రెండోది అబద్ధం. ఆ అబద్ధాన్ని ఆయన పుట్టించలేదు. కాని పుట్టించినవారిని ఒక్కనాడూ వారించలేదు. భార్య పోయి 22 ఏళ్ళయింది. ఆమె మీద పడ్డ మాట మాత్రం ఇంకా బ్రతికే వున్నది.

రేపు, డిసెంబరు 1న, ప్రపంచ ఎయిడ్స్ దినం. 1988 నుంచి ఏటా జరుపుతున్నారు. ఈ సందర్భంగా ఆసుపత్రిలో జరిగే ఊరేగింపు వార్త కోసం వెళ్ళిన ఈ విలేఖరిని ఆయనే పిలిచారు. "ఊరేగింపు సంగతి ఎట్టాగూ రాస్తావు గదా అబ్బాయ్! నా సంగతి కూడా రాయి. నా పేరు పెట్టినా సరే" అన్నారు. పేరు పెట్టలేదు. ఊరి పేరూ వ్రాయలేదు. పెట్టవద్దన్నది ఆయన కూతురు. గుర్తు పట్టటానికి వీలున్న వివరాలు కొన్ని తీసివేశాము. మిగిలినది ఆయన చెప్పినట్లే వున్నది.

మద్రాసు రైలు

ఆయన పుట్టింది 1963లో. తండ్రి చిన్నప్పుడే పోయాడు. మేనమామ దగ్గర కాజాలు కుట్టటంతో మొదలుపెట్టి, పదహారేళ్ళకే జాకెట్టు కత్తిరించటం నేర్చారు. 1981లో తెనాలి స్టేషనులో మద్రాసు రైలెక్కారు. అప్పట్లో తెలుగు సినిమాలు చాలావరకు మద్రాసులోనే తయారయ్యేవి. మన ప్రాంతం నుంచి వేషాల కోసం వెళ్ళినవారి సంగతి అందరికీ తెలుసు. వేషం కట్టేవాళ్ళకు బట్టలు కుట్టటానికి వెళ్ళినవారు కూడా వున్నారు. వడపళనిలో సినిమాలకు దుస్తులు కుట్టే ఒక కొట్టులో ఆయనకు పని దొరికింది. రాజుల అంగీలకు జరీ పట్టీలు వేయటం, నాట్యం చేసే అమ్మాయిల దుస్తులకు చమ్కీలు కుట్టటం, జూనియర్ ఆర్టిస్టులకు ఒకే కొలతన యాభై చొక్కాలు తెల్లవారేలోగా సిద్ధం చేయటం - ఇదీ పని.

"ఒక సంగతి ముందే చెప్పాలి. నాకు చిన్నప్పటి నుంచీ ఆడవాళ్ళ మీద మనసు పోలేదు. ఊళ్ళో వున్నప్పుడు అది ఏందో నాకే తెలియదు. తోటి కుర్రాళ్ళు పెళ్ళిళ్ళలో అమ్మాయిలను చూస్తుంటే నేను ఆ కుర్రాళ్ళను చూసేవాణ్ణి. చూసి, తల దించుకునేవాణ్ణి. మద్రాసు వెళ్ళాక తెలిసింది, నాలాంటివాళ్ళు ఇంకా వున్నారని" అన్నారాయన.

1985లో లైట్లు మోసే పనిలో వున్న ఒక గోదావరి జిల్లా కుర్రాడు పరిచయమయ్యాడు. ఇద్దరూ ఒకే గది అద్దెకు తీసుకున్నారు. ఇంటివారు అన్నదమ్ములనుకున్నారు. వండుకోవటం, తినటం, ఆదివారం సినిమా. తొమ్మిదేళ్ళు అలా గడిచాయి. "మొగుడూ పెళ్ళాలు ఎట్టా వుంటారో అట్టాగే వున్నామయ్యా. తగాదాలు పడ్డాం, మాటలు మానుకున్నాం, మళ్ళీ కలిశాం. వాడికి బయటి తిరుగుళ్ళు కొన్ని వుండేవి. నేనూ బుద్ధిమంతుణ్ణి కాదు. అప్పుడు నిరోధ్ అంటే పిల్లలు పుట్టకుండా వాడేది అనుకున్నాం. మాకెందుకులే అనుకున్నాం" అని చెప్పారు.

ఆ రోజుల్లో మగవారిద్దరి మధ్య ఇలాంటి సంబంధం చట్టం దృష్టిలో నేరం. 1860 నాటి శిక్షాస్మృతి 377వ సెక్షను అలా చెప్పింది. 2018 సెప్టెంబరు 6న సుప్రీం కోర్టు ఆ సెక్షను ఇష్టపూర్వకంగా కలిసివుండే పెద్దవారికి వర్తించదని తీర్పు ఇచ్చింది. ఇది జబ్బు కూడా కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే తన రోగాల జాబితా నుంచి తీసివేసింది. కాని వడపళని గదిలో వున్న ఆ ఇద్దరికీ ఈ సంగతులేవీ తెలియవు. ఎవరికీ తెలియకూడదన్న భయం ఒక్కటే తెలుసు.

వచ్చి పడ్డ జబ్బు

ఎయిడ్స్ గూర్చి లోకానికి మొదట తెలిసింది 1981 జూన్‌లో. అమెరికాలోని లాస్ ఏంజిల్స్‌లో అయిదుగురు యువకులకు వచ్చిన వింత న్యుమోనియాను అక్కడి ప్రభుత్వ వైద్య సంస్థ ప్రకటించింది. ఆ అయిదుగురూ మగవారితో సంబంధం వున్నవారు కావటం వల్ల ఇది అలాంటివారి జబ్బేనన్న ప్రచారం పుట్టింది. ఆ మాట ఎంతో కాలం నిలవలేదు. రక్తం ఎక్కించుకున్నవారిలో, ఆడవారిలో, పసిపిల్లలలో కూడా అది కనిపించింది. దీనికి కారణమైన వైరస్‌ను 1983లో పారిస్‌లో కనుగొన్నారు.

మన దేశంలో ఈ వైరస్ మొదట బయటపడింది మద్రాసులోనే. 1986లో డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని నిర్మల కలిసి కొందరు ఆడవారి రక్తం పరీక్ష చేయించగా తెలిసింది. మన దర్జీ అప్పుడు అదే నగరంలో వున్నారు. "టీ కొట్టు దగ్గర పేపరులో చదివారు. అది ఆ వీధుల్లో వుండే ఆడవాళ్ళకు వచ్చే రోగమన్నారు. మేం ఆ వీధులకు పోయేవాళ్ళం కాదు గనక మాకేం లేదనుకున్నాం" అన్నారు.

పరీక్షకు పోవాలంటే ఆ రోజుల్లో ఎవరికైనా భయమే. 1989లో గోవాలో డామినిక్ డిసౌజా అనే యువకుడు రక్తదానం చేస్తే, ఆ రక్తంలో హెచ్.ఐ.వి. వున్నట్లు తేలింది. పోలీసులు వచ్చి ఆయనను తీసుకువెళ్ళారు. 64 రోజులు ఒంటరిగా నిర్బంధంలో వుంచారు. ఆయన తల్లి కోర్టుకు వెళ్ళి పోరాడింది. ఆయన బయటికి వచ్చి, తనలాంటివారి కోసం పనిచేసి, 1992లో మరణించారు. రోగిని దొంగను పట్టినట్లు పట్టే కాలమది. దాచుకోవటమే క్షేమమని చాలామంది అనుకున్నారంటే ఆశ్చర్యం లేదు.

అమ్మ మాట

1990 దాటాక తెలుగు సినిమా పని ఎక్కువగా హైదరాబాదుకు తరలిపోయింది. వడపళని కొట్టులో పని తగ్గింది. ఇంటి దగ్గర తల్లి పెళ్ళి మాట ఎత్తింది. ఆయన రెండేళ్ళు వాయిదా వేశారు. 1994 సంక్రాంతికి వచ్చినప్పుడు తల్లి నూతి గట్టు మీద కూర్చుని, "ఒప్పుకోకపోతే ఇందులో దూకుతా" అన్నది. ఊరి పెద్దలు కూడా కూర్చోబెట్టి చెప్పారు. పెళ్ళయితే అన్నీ అవే సర్దుకుంటాయన్నారు.

"ఏం సర్దుకోవాలో వాళ్ళకు తెలియదు. నేను చెప్పలేదు. వద్దన్నాను గాని ఎందుకు వద్దో చెప్పలేకపోయాను. కారణం చెప్పకుండా వద్దంటే ఎవరు వింటారు?" అన్నారు.

మద్రాసు గది ఖాళీ చేసిన రోజున స్నేహితుడు స్టేషనుకు రాలేదు. 1995లో కాలువ అవతలి ఊరి అమ్మాయితో పెళ్ళయింది. ఆమె ఏడవ తరగతి చదివింది. చేతి కుట్టు బాగా వచ్చు. ఆయన కత్తిరిస్తే ఆమె కాజాలు, గుండీలు, అంచులు చూసేది. 1997లో కూతురు పుట్టింది. "మంచి మనిషయ్యా. నన్ను ఏనాడూ ఏమీ అడగలేదు. రాత్రి పొద్దుపోయేదాకా మిషను తొక్కుతుంటే, పని ఎక్కువైందనుకునేది. నేను గదిలోకి పోకుండా వుండటానికి తొక్కేవాణ్ణి" అని చెప్పి, చాలాసేపు మాట్లాడలేదు.

తాంబరం ఉత్తరం

1998లో ఒక కార్డు వచ్చింది. మద్రాసు దగ్గర తాంబరం శానటోరియం నుంచి. క్షయ రోగుల కోసం కట్టిన ఆ ప్రభుత్వ ఆసుపత్రిలో 1993 నుంచి ఎయిడ్స్ రోగులను చేర్చుకుంటున్నారు. మన వైపు నుంచి కూడా ఎందరో రోగులు రైలెక్కి అక్కడికి వెళ్ళేవారు. గుడ్డ కొనటానికి పోతున్నానని భార్యతో చెప్పి ఆయన బయలుదేరారు.

స్నేహితుడిని మంచం మీద గుర్తుపట్టలేకపోయారు. "బస్తాలు మోసినట్టు లైట్లు మోసినవాడు, నా చేతికి కర్ర పుల్లలాగా తగిలాడు. 'నువ్వు పరీక్ష చేయించుకో, నీ పెళ్ళానికి చేయించు' అన్నాడు. ఆ మాట కోసమే కార్డు రాయించాడు. మూడు రోజులు వున్నాను. మళ్ళీ నెలకు పోయాడని తెలిసింది. నేను ఏడవటానికి కూడా లేదు. ఎవరు పోయారని అడిగితే ఏం చెప్పను?"

తిరిగి వచ్చాక ఆయన పరీక్ష చేయించుకోలేదు. భార్యకు చెప్పలేదు. 1998 నుంచి 2001 వరకు మూడేళ్ళు ఆ మాట మనసులోనే పెట్టుకున్నారు. "నేను మగవాణ్ణి ఇష్టపడ్డానని నాకిప్పుడు సిగ్గు లేదబ్బాయ్. నన్ను దేవుడు అట్టా పుట్టించాడు. పెళ్ళి చేసుకునేనాటికి నాలో జబ్బు వున్నదని కూడా నాకు తెలియదు. కాని ఆ మూడేళ్ళు నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. నేను లెక్క చెప్పుకోవలసింది ఆ మూడేళ్ళకు. ఆ తర్వాత మాట్లాడని ఇరవై ఏళ్ళకు" అన్నారు.

ఆమె మీద నింద

2001లో భార్యకు దగ్గు, జ్వరం పట్టుకున్నాయి. క్షయ అన్నారు. మందులు వాడుతున్నా ఒళ్ళు తేరుకోకపోతే ఒక ఆసుపత్రిలో రక్తం తీశారు. ఆమెకు గాని, ఆయనకు గాని ముందు చెప్పలేదు. ఫలితం వచ్చాక కూడా వారిద్దరికంటే ముందు వరండాలో వున్నవారికి తెలిసింది. సాయంత్రానికి ఊరికి తెలిసింది.

ముందు పరీక్ష జరిగింది ఆమెకు. అందువల్ల జబ్బు ముందు వచ్చింది కూడా ఆమెకేనని జనం తేల్చారు. తర్వాత వారానికి ఆయనకు కూడా వున్నదని తెలిస్తే, "పాపం, పెళ్ళాం వల్ల పోయాడు" అన్నారు. ఆయన తల్లే ఆ మాట మొదట అన్నది. చింతకాయలు కొట్టటానికి వెళ్ళిన తోటలో ఎవరో కనిపించారన్నారు. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా ఆలస్యంగా వచ్చేదన్నారు. ఇవన్నీ పంచలో మిషను ముందు కూర్చున్న ఆయన చెవిన పడుతూనే వున్నాయి.

"ఒక్క మాట చాలు. 'అది నా వల్లే' అంటే చాలు. ఎట్టా వచ్చిందని అడుగుతారు. మద్రాసులో ఎవరి దగ్గరికి పోయావంటారు. ఆడదాని పేరు చెప్పినా సరిపోయేది. మగవాడు తిరిగితే ఊరు నాలుగు రోజులు నవ్వి ఊరుకుంటుంది. అది కూడా చెప్పలేదు. నోరు తెరిస్తే అసలు సంగతి ఎక్కడ బయటపడుతుందోనని పళ్ళు బిగబట్టుకున్నాను."

కుట్టటానికి ఇచ్చిన జాకెట్టు గుడ్డలు కుట్టకుండానే వెనక్కి తీసుకుపోయారు. బడి పిల్లల చొక్కాల పని పోయింది. టీ కొట్టులో వేరే గ్లాసు పెట్టారు. మిషను సూది గుచ్చుకుని రక్తం గుడ్డకు అంటుకుంటే ఏం గతి అన్నారు. నిజానికి కుట్టిన బట్టల ద్వారా ఈ జబ్బు ఎవరికీ రాదు. ఒంటి బయట, ఎండిన చోట ఈ వైరస్ నిలవలేదు. కాని ఆ మాట చెప్పేవారు అప్పుడు ఊళ్ళో లేరు. అన్నిటికీ తిట్లు పడింది ఆమెకే.

ఆమె ఆయనను రెండుసార్లు అడిగింది. "నిజం చెప్పు, ఇది ఎట్టా వచ్చింది?" అని. రెండుసార్లూ ఆయన తల వంచుకున్నారు. మూడోసారి అడగలేదు. చివరి రోజుల్లో మాత్రం, "నాకు చెప్పకపోతే పోనీ, పిల్లకు మాత్రం అబద్ధం చెప్పబాకు" అన్నది. 2003 ఆగస్టులో మరణించింది. శవం మోయటానికి నలుగురు దొరకలేదు. ముగ్గురు దొరికారు, నాలుగో వైపు ఆయన పట్టారు.

ఎనిమిది నెలల తేడా

హెచ్.ఐ.వి.ని అదుపులో పెట్టే మందులు అప్పటికే వున్నాయి. మూడు మందులు కలిపి వాడితే రోగి బ్రతుకుతాడని 1996 నాటికే తేలింది. వాటి ఖరీదు మాత్రం ఆకాశంలో వుండేది. 2001లో మన దేశానికి చెందిన సిప్లా కంపెనీ, పేద దేశాలలో పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు రోజుకు ఒక డాలరు కంటే తక్కువకే ఇస్తామని ప్రకటించటంతో ప్రపంచమంతటా ధరలు దిగాయి. అయినా రోజూ జాకెట్లు కుట్టి బ్రతికేవాడు నెల నెలా కొనలేడు. 2004 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం ఉచితంగా మందులు ఇవ్వటం మొదలుపెట్టింది. మొదట జబ్బు ఎక్కువగా వున్న 6 రాష్ట్రాలలో. అందులో మనది ఒకటి.

ఆమె పోయిన ఎనిమిది నెలలకు.

ఆయనకు 2006లో మందులు మొదలయ్యాయి. అప్పటికి రక్తంలో సి.డి.4 కణాలు 112 వున్నాయి. ఇవి ఒంటికి కాపలా కాసే కణాలు. ఆరోగ్యవంతుడికి 500కు పైన వుంటాయి. మొదట్లో ఇచ్చిన మందుల్లో ఒకటైన స్టావుడిన్ వల్ల బుగ్గలు లోతుకు పోయాయి, అరికాళ్ళు మంటలు పుట్టాయి. పాదంతో తొక్కే మిషను మీద బ్రతికేవాడికి అరికాళ్ళ మంట అంటే వేరే చెప్పనక్కరలేదు. కాళ్ళకు తడిగుడ్డ చుట్టుకుని తొక్కేవారు. తర్వాత ఆ మందును తీసివేశారు. మిషనుకు మోటారు బిగించుకున్నారు. ఇప్పుడు రోజుకు ఒకే ఒక మాత్ర. రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోయింది. పంతొమ్మిదేళ్ళుగా ఒక్క పూట కూడా మానలేదంటారు.

పని మళ్ళీ ఎలా వచ్చిందని అడిగితే నవ్వారు. "కూరగాయలు అమ్మే ఒక ముసలమ్మ జాకెట్టు గుడ్డ తెచ్చి పడేసింది. 'నాకు జబ్బులేం కొత్త కాదు గాని, చంక దగ్గర బిగువు లేకుండా కుట్టు' అన్నది. ఆమెకు ఏమీ కాలేదని చూశాక మిగతావాళ్ళు వచ్చారు."

'అమ్మ ఎలాంటిది నాన్నా?'

కూతురికి జబ్బు అంటలేదు. మందులేమీ లేకపోయినా తల్లి నుంచి అందరు బిడ్డలకూ ఇది రాదు. ఆమె అదృష్టం ఆమెను కాపాడింది. ఇప్పుడు తల్లికి మందులు ఇస్తే బిడ్డకు వచ్చే ప్రమాదం బాగా తగ్గిపోతుంది. ఆ అమ్మాయి డిగ్రీ చదివింది. 2021లో పెళ్ళయింది. ఒక కొడుకు.

2024 వేసవిలో అత్తవారి ఇంట ఏదో మాట పట్టింపు వచ్చింది. దూరపు చుట్టం ఒకావిడ, "తల్లి ఎలాంటిదో తెలియదా, ఆ రక్తమేగా" అన్నది. ఆ అమ్మాయి పిల్లాడిని ఎత్తుకుని బస్సెక్కి వచ్చింది. పంచలో నిలబడి ఒక్కటే అడిగింది. "అమ్మ ఎలాంటిది నాన్నా?"

"నాకు ఆమె చివరి మాట చెవిలో మోగింది. మిషను ఆపేశాను. అంతా చెప్పాను. మద్రాసు, గది, వాడు, తాంబరం. మూడేళ్ళు దాచిన సంగతి. అమ్మ ఏ తప్పూ చేయలేదని, తప్పు నాదని చెప్పాను. అది కూచోలేదు. నిలబడే విన్నది. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది" అన్నారు.

ఏడు నెలలు ఫోను లేదు. సంక్రాంతికి వచ్చింది. క్షమించానని చెప్పలేదు. తిట్టనూ లేదు. తల్లి ఫొటో పటం కట్టించి తెచ్చి, మిషను ఎదురు గోడకు మేకు కొట్టి తగిలించింది. "రోజూ ఎదురుగ్గా వుంటుంది. తల ఎత్తితే ఆమే" అన్నారాయన. కూతురు ఈ విలేఖరితో ఫోనులో మాట్లాడింది. "మా నాన్న మగవారిని ఇష్టపడ్డాడని నాకు కోపం లేదండీ. మా అమ్మ అన్ని మాటలు పడుతుంటే మిషను తొక్కుకుంటూ కూచున్నాడే, అది మరిచిపోవటం నా వల్ల కావటం లేదు" అన్నది.

ఊరికి చెప్పు

కూతురికి చెప్పాక ఆయన కాలువ దాటారు. బావమరిది సంగతి విని తలుపు వేసుకున్నాడు. అత్తగారికి ఎనభై దాటాయి. మంచం మీద నుంచి లేవలేదు. ఆమె మాత్రం అంతా విన్నది. "నా బిడ్డ తప్పు చేయలేదని నాకు ఎవరూ చెప్పక్కర్లా. నాకు చెప్పటానికి వచ్చావా? ఊరికి చెప్పు" అన్నది.

ఊరికి చెప్పటం ఒక్క రోజుతో అయ్యే పని కాదు. తల్లి చేసిన నిందను ఎవరెవరు మోశారో, ఆయన వారి ఇళ్ళకు వెళ్ళి ఒక్కొక్కరికీ చెబుతున్నారు. కొందరు విన్నారు. కొందరు, "పోయినావిడ సంగతి ఇప్పుడెందుకు?" అన్నారు. ఒకరిద్దరు ముఖాన నవ్వారు. ఈ మధ్య ఇద్దరు చొక్కాల పని మానుకున్నారు. జబ్బుకు భయపడి కాదు, ఆయన ఎలాంటివాడో తెలిసి. "2001లో జబ్బు చూసి మానుకున్నారు. ఇప్పుడు మనిషిని చూసి మానుకున్నారు. మళ్ళీ వస్తారులే, దీపావళి బట్టలు ఎవరు కుడతారు?" అన్నారు.

పేపరులో ఎందుకు వ్రాయమంటున్నారని అడిగాము. రెండు కారణాలు చెప్పారు. "మా ఇంటిలాంటి ఇళ్ళు ఎన్నో వున్నాయి. ముందు ఆడమనిషికి పరీక్ష చేస్తారు, ముందు ఆడమనిషికే పేరు పెడతారు. గర్భంతో వున్నప్పుడు పరీక్ష చేస్తే బయటపడేది ఆమెదే గదా! ఆ ఇళ్ళల్లో మగవాడు నాలాగే తల వంచుకుని కూచుని వుంటాడు. వాడు ఈ పేపరు చదవాలి. రెండోది, కొడుకు పెళ్ళి వద్దంటుంటే నూతి గట్టెక్కే తల్లులున్నారు. వాడు ఎందుకు వద్దంటున్నాడో ఒకసారి నిదానంగా అడగమను. చెప్పే ధైర్యం వాడికి ఇవ్వమను. నన్ను అట్టా అడిగి వుంటే, కాలువ అవతలి ఊళ్ళో ఒక మనిషి ఇప్పుడు మనవడిని ఆడించుకుంటూ వుండేది."

తెలుసుకోవలసిన సంగతులు

హెచ్.ఐ.వి. మగవారిని ఇష్టపడే మగవారి జబ్బు కాదు. మన దేశంలో ఎక్కువమందికి వచ్చింది ఆడ, మగ సంబంధాల వల్లే. రక్షణ లేని సంబంధం ఎవరి మధ్య అయినా ప్రమాదమే. మగవారిద్దరి మధ్య అయితే ప్రమాదం ఇంకా ఎక్కువ. నిరోధ్ ఇద్దరికీ అవసరమే. కలుషితమైన రక్తం, ఒకరు వాడిన ఇంజక్షను సూది మరొకరు వాడటం, మందు తీసుకోని తల్లి నుంచి బిడ్డకు - ఇవి మిగిలిన దారులు. కలిసి తినటం, తాకటం, ఒకే గ్లాసు, దోమ కాటు, కుట్టిన బట్ట - వీటివల్ల రాదు.

ప్రభుత్వ ఆసుపత్రులలోని సలహా, పరీక్షా కేంద్రాలలో పరీక్ష ఉచితం. వివరాలు రహస్యంగా వుంచుతారు. 2017 నుంచి కణాల లెక్కతో నిమిత్తం లేకుండా, జబ్బు వున్నదని తేలినవారందరికీ మందులు ఇస్తున్నారు. క్రమం తప్పకుండా మాత్ర వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, అలాగే నిలిచినవారి నుంచి సంబంధం ద్వారా జీవిత భాగస్వామికి జబ్బు రాదు. 2017లో చేసిన హెచ్.ఐ.వి. చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో వున్నది. దీని ప్రకారం మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు. ఫలితం ఇతరులకు చెప్పకూడదు. ఉద్యోగంలో, వైద్యంలో, చదువులో, అద్దె ఇంటి విషయంలో వివక్ష చూపకూడదు. 2001లో ఆ ఆసుపత్రి వరండాలో జరిగినది ఇప్పుడు జరిగితే చట్ట విరుద్ధం. సందేహాలున్నవారు 1097 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. పేరు చెప్పనవసరం లేదు.

మేము లేచేసరికి చీకటి పడింది. ఆయన లైటు వేసి, గోడ మీది పటం వైపు ఒకసారి చూసి, తిరిగి మిషను ముందు కూర్చున్నారు. మర్నాడు ఇవ్వవలసిన జాకెట్టు ఒకటి మిగిలి వున్నది. కాజాలు ఇప్పుడు ఎవరు కుడుతున్నారని అడిగాము.

"నేనే. ఆమె అంత బాగా రావు" అన్నారు.